అంటు కత్తి ఎక్కడ పెట్టుకోవాలి

నా నడుముకున్న కత్తిని చూసి పోలీసులు నన్ను పట్టుకున్నారు. నా చేతిలోని మామిడి పుల్లల కట్టను జీపులో వేసి, అద్దాలు ఎక్కించి, ఎండలో నిలబెట్టారు. సాయంత్రానికి పుల్లలు ఉడికిపోయాయి. ఆ పుల్లలు కోసుకొచ్చిన చెట్టును అదే పూట రోడ్డు కోసం కొట్టేశారు. ఆ రకం మామిడి ఇప్పుడు ఎక్కడా లేదు.

జరిగిన అన్యాయం ఇంతే. దీన్ని మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు. ఏ కూడలిలో, ఏ స్టేషనులో అన్నది మాత్రం రాయను. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే దారిలో అని అనుకోండి, చాలు. ఒక స్టేషను పేరు రాస్తే మిగతా స్టేషన్లన్నీ మంచివని అర్థమొస్తుంది. అది నేను చెప్పదలచుకోలేదు.

బతుకంతా మామిడి తోటల్లో అంట్లు కట్టాను. ఆ ఏడాదితో పని మానేశాను. నర్సరీల్లో కొత్తగా ఈ పనికి వస్తున్నవాళ్ళు కనబడితే పుల్ల ఎంత ఏటవాలుగా చెక్కాలి, పట్టీ ఎంత బిగించాలి అని అడుగుతుంటారు. అవి అడిగి నేర్చుకునేవి కావు. కొన్ని వందల మొక్కలు పాడు చేస్తే చేతికి అవే వస్తాయి. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. దారిలో పోయేటప్పుడు కత్తిని ఎక్కడ పెట్టుకోవాలి? నా పనిలో నన్ను ఎండ కన్నా, చీమల కన్నా, తోటల ఓనర్ల కన్నా ఎక్కువ బాధపెట్టింది ఆ ప్రశ్నే. అందుకే దాని గురించే రాస్తున్నాను.

కనబడల్ల

నాకు పని నేర్పింది ఆర్ముగం మేస్త్రి. గుడియాత్తం వైపు నుంచి వచ్చి మా ఊళ్ళో నిలబడిపోయిన మనిషి. సగం అరవం, సగం తెలుగు మాట్లాడేవాడు. నేను బడికి పోయింది తక్కువ. కాయలు చుట్టడానికి తెచ్చిన పాత పేపర్లు చదివి నేర్చుకున్న చదువే నాది. మేస్త్రికి ఆ మాత్రం కూడా రాదు. అయినా ఆయన మాటకు తోటల్లో ఎదురుండేది కాదు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. టెంక పాతితే లేచిన మొక్క తల్లి చెట్టు కాయే కాస్తుందని నమ్మకం లేదు. పులుపు కావచ్చు, పీచు కావచ్చు. మంచి చెట్టు నుంచి ముదిరిన పుల్ల తెచ్చి, ఆ మొక్క కాండానికి చెక్కి కడితే, అప్పుడు ఆ మంచి చెట్టు కాయే కాస్తుంది. అంటే ఆ వేలెడు పుల్లే చెట్టు. ఒకరి తోటలోంచి నాలుగు పుల్లలు తెంపుకుపోతే నాలుగు చెట్లు ఎత్తుకుపోయినట్టే. కాబట్టి పుల్లల దొంగలు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళు కత్తిని పంచెలోనో, టవల్లోనో దాచుకుని వస్తారు.

మేస్త్రి నాకు మొదట కత్తి చేతికివ్వలేదు. ఇచ్చిన రోజున తనే నా నడుముకు కట్టాడు. చొక్కా మీద తోలు బెల్టు, బెల్టుకు ఒక తోలు పట్టీ, అందులో కత్తి. పిడి కనబడాలి, సగం అలుగు కూడా కనబడాలి. అలుగుకు ఒక పక్కే పదును ఉంటుంది, రెండో పక్క పలకలాగా చదును. తోట గలవాడు ఆ ఒంటి పదును చూడగానే ఇది గొంతులు కోసేది కాదు, కాయలు కోసేది కాదు, అంటు కత్తి అని గుర్తుపడతాడు.

"పక్కోడి తోటలో కాలు పెట్టేటప్పుడు కత్తి కనబడల్ల తంబీ" అన్నాడు మేస్త్రి. "దాచినోడు దొంగ. కనబడినోడు పనోడు. ఇంకేం లేదు దీంట్లో."

దీన్ని సంచిలో పెట్టకూడదు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. సంచిలో తడి గోనె, తడి గుడ్డ ఉంటాయి. ఆ తడికి అలుగు తుప్పు పడుతుంది. తుప్పు మచ్చ ఉన్న కత్తితో చెక్కిన పుల్ల పట్టదు. కత్తితో ఇంకే పనీ చేయకూడదు. తాడు కోయకూడదు, ఉల్లిగడ్డ కోయకూడదు. నా పెళ్ళాం ఒకసారి ఆ కత్తితో చింతపండు పిక్కలు తీస్తే నేను రెండు రోజులు అన్నం తినకుండా అలిగాను. ఆమె మూడో రోజు కూడా పెట్టలేదు. అప్పటికి నాకు బుద్ధి వచ్చింది గాని, కత్తి విషయంలో మాత్రం నాదే సరి.

అడిగినవాడు, అడగనివాడు

పోలీసులందరినీ ఒక గాటన కట్టి తిట్టడం నాకు ఇష్టం లేదు. చిత్తూరు బస్టాండులో ఒకసారి ఒక కానిస్టేబులు మేస్త్రినీ నన్నూ ఆపాడు. ఏం పని, ఎక్కడికి అని అడిగాడు. చెప్పాం. నమ్మకం కుదరక పక్క బండి మీద నుంచి ఒక కాయ తీసి, ఏదీ కోసి చూపించు అన్నాడు. మేస్త్రి కొయ్యను పొమ్మన్నాడు. ఆ కత్తి కాయ కోస్తే తన పని చెడుతుందని, కావాలంటే స్టేషనుకు వస్తానని మేస్త్రి అరవంలో ఒకటి, తెలుగులో ఒకటి చెప్పాడు. కానిస్టేబులు కాసేపు ఆయన మొహం చూసి నవ్వాడు. దొంగ అయితే అడిగిన వెంటనే కోసి చూపించేవాడని అన్నాడు. ఆ వానాకాలం మేము ఆయన క్వార్టర్సు వెనక పెరట్లో మల్గూబ మామిడి అంటు కట్టాం. అతను అడిగినవాడు. అడిగి, చెప్పింది విన్నవాడు.

తర్వాత అడగనివాళ్ళు వచ్చారు. ఊళ్ళలో తగాదాలు పెరిగాయి, ఎన్నికలు వస్తే తనిఖీలు పెరిగాయి. నడుముకు కత్తి కనబడితే ముందు లాఠీ మాట్లాడేది. నా కుడి మణికట్టు ఇప్పటికీ వాన పడితే నొస్తుంది. ఎవరు కొట్టారో రాసి ప్రయోజనం లేదు, అతను నా పేరు కూడా అడగలేదు. కానీ ఆ దెబ్బ తర్వాత మా ఇంట్లో పోరు ఎక్కువైంది. అందరూ కత్తిని సంచిలో పెట్టుకోమన్నారు. నేనూ సరే అనుకున్నాను.

ఆ సరే అనుకున్న ఏడాదే తిరుచానూరులో అమ్మవారి ఉత్సవాలకు ముందు ఒక లాడ్జి వెనక తోటలో పని పడింది. కత్తిని గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టుకుని పోయాను. బందోబస్తుకు ఎక్కడెక్కడి నుంచో పోలీసులు వచ్చి ఉన్నారు. సంచి దులిపారు. కత్తి బయటపడింది. గుడ్డలో చుట్టి దాచినావంటే నీ ఉద్దేశం ఏందని అడిగారు. దాచలేదు, పెట్టుకున్నాను అన్నాను. ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో వాళ్ళకు నేను చెప్పలేకపోయాను. రోడ్డు పక్కన గొంతుకూర్చోబెట్టారు. జనం అమ్మవారి దర్శనానికి పోతూ పోతూ నన్నూ దర్శనం చేసుకున్నారు. చివరికి మల్లెపూలు అమ్మే ఒకామె బుట్ట దించి వచ్చింది.

"ఆయన సెట్లకు అంట్లు కట్టే ఆయన నాయనా. మా యింటి కాడ కట్టింది గూడా ఈయనే. ఆ సంచిలో పుల్లలు సూడు, కత్తి సూడబాక."

పుల్లలు చూసి వదిలేశారు. అంతవరకు సంచిలో కత్తి తప్ప ఇంకేమీ వాళ్ళ కంటికి కనబడలేదు. ఆ రోజు నుంచి కత్తి మళ్ళీ నా నడుముకు, చొక్కా మీదకు వచ్చేసింది. దెబ్బ తినేటట్టయితే పనివాడిగా తింటాను, దొంగగా ఎందుకు తినాలి అనుకున్నాను.

అవ్వకాయ

ఇప్పుడు ఆ చెట్టు గురించి చెప్పాలి.

హైవే పక్కన మునిరత్నం అనే రైతుకు కొంచెం భూమి ఉంది. దాని గట్టున ఒకే ఒక నాటు మామిడి చెట్టు. మునిరత్నం వాళ్ళ అవ్వ, అంటే వాళ్ళ నాయన తల్లి, తిని పారేసిన టెంక నుంచి లేచిందట. అందరూ దాన్ని అవ్వకాయ అనేవాళ్ళు. కాయ పెద్దదేం కాదు, రంగూ గొప్ప కాదు. దాని గొప్ప ఏమిటంటే ఆడి నెల, అంటే ఆషాఢం వానల్లో, మిగతా తోటల్లో ఏ కాయ కోసినా పురుగు లుకలుకలాడే రోజుల్లో, అవ్వకాయ కోస్తే లోపల శుభ్రంగా ఉండేది. పండు ఈగ ఆ కాయ మీద వాలేది కాదు. తోలు మందమో, తోలులో జీడి, అంటే సొన, ఎక్కువో నాకు తెలియదు. కోసిన ప్రతిసారీ చూశాను. ఆఖరు కాయ దాకా శుభ్రమే.

అటువంటి పుల్ల దొరికితే ఈ జిల్లాలో ఆఖరి కాపు తోటలన్నిటికీ పాత కొమ్మలు కొట్టి, ఈ పుల్ల కట్టి, తల మార్చవచ్చు. ఆ సంగతి నాకు తెలుసు, ఇంకా కొందరికీ తెలుసు. కానీ మునిరత్నం నాయన ఒప్పుకోలేదు. అది మా అమ్మ చేతి చెట్టు, దాని మీద కత్తి పెట్టనీను అనేవాడు. ఏడాదికొకసారి నేను పోయేవాడిని. అప్పటికి నన్నూ మేస్త్రీ అనే పిలిచేవాళ్ళు. ఆయన దూరం నుంచే నా నడుము చూసి కేకవేసేవాడు.

"మేస్త్రీ, నీ కత్తి కనబడతా ఉండాది. గట్టు కాడనే నిలబడు. కాయలు ఎన్ని కావాలంటే అన్ని పంపిస్తా, పుల్ల మాత్రం అడగబాక."

నేను గట్టు దగ్గరే నిలబడేవాడిని. కాయలు తిని వచ్చేవాడిని. రాత్రిపూట పోయి నాలుగు పుల్లలు తెంపుకొస్తే ఎవరికి తెలుస్తుందని నర్సరీ వాళ్ళు ఎన్నోసార్లు నాకు సలహా ఇచ్చారు. అది కష్టం కూడా కాదు, చెట్టుకు కాపలా లేదు. కానీ నా కత్తి కనబడేది గదా. దాన్ని చూసి ఆ పెద్దాయన నన్ను గట్టు దాకా రానిచ్చాడు. ఆ నమ్మకం మీదే నేను వందల తోటల్లోకి పోయాను.

ఆ పెద్దాయన చనిపోయాడు. తర్వాత రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు వేశారు. చెట్టు మొదలు మీద సున్నంతో గుర్తు పెట్టారు. మునిరత్నమే మా ఇంటికి వచ్చాడు. మా నాయన వద్దన్నది చెట్టు బతకాలని గదన్నా, ఇప్పుడు వద్దంటే చెట్టే ఉండదు, రా అన్నాడు.

నేను పోయి చెట్టంతా చూశాను. ముసలి చెట్టు, ఆ ఏడు కాపు విరగబడింది. కాయ లేని, ముదిరిన రెమ్మలు వెతికితే కొన్నే దొరికాయి. వాటికి ఆకులు తుంచి, కాడలు మాత్రం ఉంచి వచ్చాను. అట్లా చేస్తే కొన్ని రోజులకు కాడలు వాటంతటవే రాలి, కొస మొగ్గ ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన పూటే కోయాలి, కోసిన వెంటనే కట్టాలి. చెట్టు మీద మిగిలినవన్నీ లేత రెమ్మలు, కాయల రెమ్మలు. అవి అంటుకు పనికిరావు. నేను ఎంచుకున్న ఆ కొన్ని రెమ్మలే అవ్వకాయకు దారి.

ఆడి నెల ఎండ

మొగ్గలు సరిగ్గా ఉబ్బిన రోజే మిషన్లు వస్తాయని మునిరత్నానికి కబురొచ్చింది. పొద్దున్నే పోయి, రెమ్మలన్నీ కోసి, తడి గుడ్డలో చుట్టి, పైన పాలథీన్ కవరు కట్టాను. టెంక మొక్కలు తిరుపతి దారిలో ఒక నర్సరీలో సిద్ధంగా ఉన్నాయి. మునిరత్నం చెట్టు దగ్గర ఉండి, మిషన్ల వాళ్ళను మాటల్లో పెట్టి ఎంతసేపు ఆపగలిగితే అంతసేపు ఆపుతానన్నాడు. కాయలైనా దించుకోవాలని వాడి ఆశ. నేను కూడలికి నడిచి వచ్చి బస్సు కోసం కూర్చున్నాను. కట్ట మీద తడి టవలు కప్పాను. కత్తి నా నడుముకే ఉంది, ఎప్పటిలాగే.

ఎదురుగా టీ అంగట్లో ఒకతను ఫోను నా వైపు పట్టుకుని ఉన్నాడు. ఏదో చూసుకుంటున్నాడనుకున్నాను. నన్నే వీడియో తీస్తున్నాడని జీపు వచ్చి ఆగాకే అర్థమైంది.

హెడ్ కానిస్టేబులు దిగాడు. లేచి నిలబడమన్నాడు. నడుముకున్నది ఏమిటన్నాడు. అంటు కత్తి అన్నాను. బయటెందుకు పెట్టుకున్నావు, ఎవరిని బెదిరించడానికి అన్నాడు. మామిడి పని అని చెప్పబోయాను. ఈలోగా కత్తి తీసేసుకున్నాడు. కట్ట ఏమిటని ఇంకొకతను అడిగితే టీ అంగడి ముందు కూర్చున్న వాళ్ళలో ఒకడు, ముసలోడు పొయ్యిలోకి పుల్లలు ఏరుకొచ్చినట్టుండాడు సార్ అన్నాడు. నలుగురు నవ్వారు. కట్ట జీపు వెనక పడింది, నేను దాని పక్కన.

స్టేషను ఆవరణలో జీపును మిట్ట ఎండలో ఆపారు. నన్ను దించారు, కట్టను దించలేదు. డ్రైవరు అద్దాలు ఎక్కించి, తాళం వేసుకుని, అన్నానికి పోయాడు. నేను హెడ్ దగ్గరికి పోయి, కట్టను నీడలో పెట్టమని, కాసిని నీళ్ళు చల్లమని అడిగాను.

"పుల్లలకు నీళ్ళేంది పెద్దాయనా, మొలుస్తాయా?"

"మొలుస్తాయి సార్. అందుకే అడగతా ఉండా."

దానికి కూడా నవ్వారు. నేను నవ్వించడానికి చెప్పలేదు. హెడ్ మరీ చెడ్డవాడు కాదు, నాకు కుర్చీ వేయించాడు, నీళ్ళ బాటిలు ఇచ్చాడు. ఆ బాటిలు చేతిలో పట్టుకుని కిటికీలోంచి జీపును చూస్తూ కూర్చున్నాను. ఆవరణలో ఒక వేపచెట్టు ఉంది. దాని నీడ మెల్లగా జరుగుతూ జీపు ముందు చక్రం దాకా వచ్చింది. వెనక్కి ఇంకా రావాలి. వస్తుందా రాదా అని చూస్తూనే ఉన్నాను. పాలథీన్ కవరులో తడి పుల్లలు ఎండలో ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. కుండలో పెట్టి మూత వేసినట్టే.

పూచీ ఇవ్వడానికి మనిషి కావాలన్నారు. మునిరత్నానికి ఫోను చేశాను. వాడు బండి మీద వచ్చాడు. మొహం మీద చెమట, చేతికి జీడి మరకలు.

"మిషనోళ్ళు వచ్చేసినారన్నా. నేను నిలబడితే సాయంత్రం దాకా ఆపుతా. లేకపోతే మొదలు పెట్టేస్తారు."

"అట్లయితే ఈడికెందుకొచ్చినావు? పో, సెట్టు కాడికి పో."

"నిన్ను ఈడ వదిలేసి యాడికి పోయేదన్నా?"

ఎస్సై వచ్చేదాకా ఇద్దరూ ఉండాలని స్టేషనులో రాతపని చూసే రైటరు అన్నాడు. ఎస్సై ఎక్కడో బందోబస్తులో ఉన్నాడు. మునిరత్నం జీపు చుట్టూ తిరిగాడు, అద్దం మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. డ్రైవరును పిలిపించమని హెడ్‌ను బతిమాలాడు. ఆయన ఫోను ఎత్తడం లేదని హెడ్ చెప్పాడు, నిజంగానే ఎత్తలేదు. అప్పుడే మునిరత్నం ఫోను మోగింది. చెట్టు దగ్గర నుంచి వాళ్ళ ఆడమనిషి. ఫోను చెవి నుంచి తీసి నా వైపు పట్టుకున్నాడు. అందులోంచి రంపం మిషను చప్పుడు వినబడింది. అది ఆగేదాకా మేమిద్దరం అట్లాగే నిలబడి ఉన్నాం.

ఎస్సై వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చిన్న వయసు, చదువుకున్నవాడు, మాట మర్యాదగానే ఉంది. ఆయన చెప్పింది కూడా ఉన్నదున్నట్టు రాస్తాను. పోయిన వారం అదే బస్‌స్టాపులో తాగిన గొడవలో ఒకడు ఇంకొకడి చెయ్యి కోశాడు. లేటుగా పోయారని ఈయనకు పైనుంచి చీవాట్లు పడ్డాయి. ఇప్పుడు నా వీడియో ఊరంతా తిరుగుతోంది, వదిలేస్తే తన ఉద్యోగానికొస్తుంది. ఆయన భయం నాకు అర్థం కానిది కాదు. నేనూ భయంతోనే బతికాను. కానీ ఆయన భయానికి ఖర్చు అవ్వకాయ పెట్టుకుంది.

"బయట పెట్టుకుంటే జనం భయపడతారు తాతా. సంచిలో పెట్టుకుంటే మేము భయపడతాం" అన్నాడు.

"మరి యాడ పెట్టుకోవల్ల సార్? మూడో చోటు సూపించండి, ఆడనే పెట్టుకుంటా."

ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు. కాగితం నా వైపు తిప్పి సంతకం చెయ్యమన్నాడు.

సంతకాలయ్యాక జీపు తెరిచారు. ఉడికిన ఆకు వాసన వచ్చింది. కవరు విప్పి ఒక మొగ్గను గోటితో నొక్కాను. తోలు జారి చేతికొచ్చింది. ఇంకొకటి నొక్కాను. లోపల ఎక్కడో ఒకటి రెండు బతికి ఉంటాయేమో, వెతుక్కుంటాను, కట్ట ఇచ్చేయండి అన్నాను. హెడ్ ఇబ్బందిగా చూశాడు. పంచనామాలో కత్తి ఒకటి, పుల్లల కట్ట ఒకటి అని రాసేశారట. కట్ట లేకపోతే తాము జవాబు చెప్పుకోవాలట. కట్ట తిరిగి లోపలికి పోయింది.

మేము పోయేసరికి చెట్టు లేదు. కొమ్మలు ట్రాక్టరులో ఇటుక బట్టీకి పోయాయి. ఆకులు మేకలు తినేశాయి. నేల మీద విరిగి, వాడి, తొక్కుడు పడ్డ రెమ్మలు కొన్ని దొరికాయి. పనికిరావని తెలిసీ ఏరుకున్నాను. మర్నాడు నర్సరీలో గడ్డం గీసుకునే బ్లేడుతో చెక్కి కట్టాను. వినాయక చవితి నాటికి అన్నీ నల్లబడ్డాయి. ఒక్కటీ పట్టలేదు.

జవాబు

సోమవారం అర్జీలు తీసుకునే చోటికి పోయాను. ఒకసారి కాదు. అక్కడి గుమాస్తా ఓపిక గల మనిషి. నీకు కత్తి వాపసు కావాలా, నష్టపరిహారం కావాలా, కేసు తీసేయాలా తాతా, మూడింట్లో ఒకటి చెప్పు అని అడిగింది. మూడూ వద్దు, జవాబు కావాలి అన్నాను. కత్తిని బయట పెట్టుకోవాలా, లోపల పెట్టుకోవాలా, అది కాకపోతే ఎక్కడ పెట్టుకోవాలి? ఎండలో పెట్టిన ఆ కట్టకు ఎవరు జవాబుదారీ? ఈ రెండింటికీ రాసివ్వమన్నాను. ఆమె కంప్యూటరులో వెతికి, జవాబు అనేది ఇందులో లేదు తాతా, ఇతరములు అని పెడతాను అంది. సరే, ఇతరములే పెట్టమ్మా అన్నాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నాకు తోచింది చెబుతాను. పుల్లలు, కత్తి ఒకరే మోసుకుపోవద్దు. ఇద్దరు పోండి. కత్తి ఒకరి దగ్గర, కట్ట ఒకరి దగ్గర. పట్టుకుంటే కత్తివాడు ఆగుతాడు, కట్టవాడు పోయి అంటు కడతాడు. నర్సరీ నుంచి కాగితం రాయించుకుని జేబులో పెట్టుకోండి, ఎవరైనా అడిగితే చూపించవచ్చు. అడగనివాళ్ళకు అది పనికిరాదు. వీడియో తీస్తున్నవాడు కనబడితే తల దించుకోవద్దు, దగ్గరికి పోయి ఒంటి పదును చూపించండి.

కత్తిని దాచుకోమని మాత్రం నేను చెప్పను. చెప్పకపోవడానికి నా దగ్గర ఇప్పుడు గట్టి కారణం కూడా లేదు. నేను కత్తిని పంచెలో దాచుకుని, ఆ పెద్దాయన నిద్రపోతున్నప్పుడు గట్టు దాటి, నాలుగు పుల్లలు దొంగిలించి ఉంటే, అవ్వకాయ ఈ రోజు యాభై తోటల్లో కాస్తూ ఉండేది. దొంగ చేతిలో బతికేది, నా చేతిలో చచ్చింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మేస్త్రి మీద కూడా కోపం వస్తుంది. ఆ కోపం సాయంత్రానికి పోతుంది. పోలీసుల మీదది పోలేదు.

మామిడి పూత రాలి పిందె పడ్డాక, నేను ఇక రాదనుకున్న జవాబు పోస్టులో వచ్చింది. ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను:

"మీ అర్జీ పరిశీలించడమైనది. బహిరంగ ప్రదేశములలో కత్తిని ఎచ్చట, ఏ విధముగా ఉంచుకొనవలెనను విషయమై ఈ కార్యాలయము సలహా ఇవ్వజాలదు. సదరు కత్తి విచారణలో ఉన్నందున ప్రస్తుతము వాపసు చేయుటకు వీలుపడదు. అయితే మీ వద్ద స్వాధీనపరచుకొన్న మామిడి పుల్లల కట్ట ఒకటి కేసుకు అవసరము లేనిదిగా గుర్తించడమైనది. అది ఎటువంటి నష్టము లేకుండా స్టేషనులో భద్రముగా ఉన్నది. ఏ పనిదినమున అయినను ఆధార్ కార్డుతో వచ్చి తీసుకొనిపోవచ్చును."